అలివేలు అనే పేరుకు ఏం తక్కువ?

మా ఇంట్లో ఐదు నెలల కిందట ఆడబిడ్డ పుట్టింది. మా తమ్ముడి కూతురు. ఆస్పత్రివాళ్ళు పేరు లేకుండానే జననం నమోదు చేయించి పంపారు. ఉయ్యాల్లో వేసిన రోజు కూడా పేరు తేలలేదు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఇంటిల్లిపాదీ పాప అనే పిలుస్తున్నాం.

పేరు దొరక్క కాదు. బిడ్డ పుట్టకముందే పేరు సిద్ధంగా ఉంది. మా అవ్వ పేరు అలివేలు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. మా తరంలో ఆడపిల్లలు పుట్టినప్పుడే ఆ పేరు ఒకరికి పడాల్సింది. అప్పుడు సినిమాల గాలి వీస్తా ఉండింది. కవిత, ప్రియ, సుధ అని పెట్టేశారు. అవ్వ ఏమీ అనలేదు. తర్వాత తరంలో మొదటి ఆడపిల్లకు అవ్వ పేరే అని మేమందరం అనుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపాం. తీరా ఆ పిల్ల పుట్టింది.

ఉయ్యాల రోజు బియ్యం పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాక మా తమ్ముడు ఫోను తీశాడు. పేర్ల అర్థాలు చెప్పే పేజీ ఒకటి చదివి వినిపించాడు. అలివేలు: ఆడపిల్ల పేరు. అర్థం, తుమ్మెదల్లాంటి నల్లని జడ గలది. అదృష్ట సంఖ్య ఏడు. స్వభావం: మొండితనం, ఒంటరిగా ఉండాలనే కోరిక, నలుగురిలో కలవలేకపోవడం. వాడుక: పాతబడింది. మరదలి పుట్టింటివాళ్ళు వెళ్ళి అడిగిన న్యూమరాలజీ ఆయన కూడా ఏడు వద్దన్నాడట.

అవ్వ తిన్నె మీద కూర్చుని అంతా వింటా ఉంది. "ఏమంటాదిరా ఆ ఫోను? నేను మొండిదాన్నంటనా?" అని నవ్వింది. మేమూ నవ్వాం. కాసేపు ఆగి, "పోనీలేరా, పసిబిడ్డను పెట్టుకోని తగువులాడబాకండి. నా పేరు నాతో పోతే పోనీ" అన్నది.

అవ్వ వద్దన్నా ఇప్పుడు తగువులాడబోతున్నాం. తమ్ముడి మీద కాదు, మరదలి మీద అసలే కాదు. ఆ పేజీ మీద, ఆ అంకెల మీద, పాత పేరు అని చులకనగా అనే ఆ మాట మీద. ఇంతకుముందు మన ఇంటిపేర్ల గురించి, ఊరి గుళ్ళ గురించి రాసినప్పుడు నెమ్మదిగా రాశాం. ఈసారి అంత నెమ్మది ఉండదు, మన్నించండి.

అర్థం దగ్గర మొదలుపెడదాం

ఆ పేజీ చెప్పిన అర్థమే తప్పు. తుమ్మెదల బారులాంటి జడ గలది అంటే అలివేణి. సంస్కృతంలో అలి అంటే తుమ్మెద, వేణి అంటే జడ. అది వేరే మాట, కావ్యాల్లో కనబడేది. అలివేలు అందులోనుంచి రాలేదు. రెండు పేర్లూ ఒకే మాదిరి వినబడేసరికి ఎవరో ఒకదాని అర్థం తెచ్చి రెండో దానికి అంటించారు. మిగతా పేజీలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకున్నాయి.

అలివేలు అసలు రూపం అలమేలుమంగ. దాని వెనక ఉన్నది తమిళంలో అలర్ మేల్ మంగై. అలర్ అంటే విరిసిన పువ్వు. మేల్ అంటే పైన. మంగై అంటే పడుచు. తమిళ సాహిత్యం స్త్రీ వయసును ఏడు దశలుగా చెప్తుంది, అందులో మూడో దశ మంగై. మొత్తం కలిపితే విరిసిన పువ్వు మీద కొలువున్న అమ్మాయి, అంటే తామర మీది లక్ష్మి.

ఈ మూడు ముక్కలూ మనకు పరాయివి కావు. అలరు అంటే తెలుగులోనూ పువ్వే. మన్మథుణ్ణి అలరువిలుకాడు అన్నది అందుకే. సినిమా ప్రేక్షకులను అలరించింది అని పేపర్లో చదువుతామే, ఆ మాటకూ దీనికీ చుట్టరికం ఉంది. మేల్ అంటే పైన అనే అర్థం మన మేల్కట్టులో ఉంది, మేలిముసుగులో ఉంది. ఇక మేలు కాస్తా వేలు కావడం మన నోటి పని. మామను మావ అనే నోరే అలమేలును అలివేలు చేసింది.

ఇంకొకటి గమనించండి. ఆ మూడు మాటల పేరును మన ఇళ్ళలో రెండుగా తుంచుకున్నారు. ముందు సగం అలివేలు, వెనక సగం మంగ. ఒకే అమ్మవారి పేరును పంచుకుని అక్క అలివేలు, చెల్లెలు మంగమ్మ అయ్యారు. మంగ అంటే మంగళం అని రాసే పేజీలూ ఉన్నాయి. కాదు, అది మంగై. వైష్ణవ గుళ్ళలో అమ్మవారిని తాయార్ అంటారు, అది కలిస్తే మంగతాయారు. మా నల్లరేగడి ఊళ్ళలో వీధికి ఇద్దరు మంగతాయారులు ఉండేవాళ్ళు.

ఆ పేరు తిరిగిన దారి

అరవ పేరు అని అనేవాళ్ళున్నారు. గుంటూరు వైపు మా చుట్టాలొకరు ఫోనులో, "అదేం పేరండీ, అరవ పేరులాగుంది, మంచి తెలుగు పేరు పెట్టుకోండి" అన్నారు. మంచి తెలుగు పేరంటే ఏమిటని అడిగితే ఆయన చెప్పిన మూడూ సంస్కృతమే. అది వేరే సంగతి.

అవును, పేరు పుట్టింది తమిళంలోనే. తిరుమల స్వామిని ఎవరి వక్షాన అలర్ మేల్ మంగై నివాసముందో ఆయనగా నమ్మాళ్వారు తిరువాయ్‌మొళిలో, ఆరో పత్తులో పిలిచాడు. వెయ్యేళ్ళు దాటిన మాట. నమ్మాళ్వారు పుట్టిన ఆళ్వార్ తిరునగరి తామ్రపర్ణి ఒడ్డున ఉంది. మా కోవిల్‌పట్టి వైపు ఊళ్ళ నుంచి సగం పూటలో చేరే దూరం.

ఆ పేరు తిరుపతి చేరింది. కొండ కింద తిరుచానూరుకు అలమేలుమంగాపురం అనే పేరు అలా వచ్చిందే. అక్కడ అది తెలుగు నోళ్ళలో పడింది. కడప సీమ తాళ్ళపాకలో 1408లో పుట్టి 1503 దాకా బతికిన అన్నమయ్య ఆ పేరును తన కీర్తనల్లో ఎన్ని వందలసార్లు తలిచాడో లెక్క కట్టడం కష్టం. ఆ కీర్తనలు రాగి రేకుల మీదికి ఎక్కాయి. అప్పటికే అది తెలుగు పేరైపోయింది.

తర్వాత విజయనగర కాలంలో, మదురై నాయకుల కాలంలో మన పెద్దలు దక్షిణానికి కదిలారు. బండ్ల మీద విత్తనాలు తెచ్చుకున్నారు, ఇలవేల్పులను తెచ్చుకున్నారు, ఆడపిల్లల పేర్లూ తెచ్చుకున్నారు. తామ్రపర్ణి దగ్గర పాటలో పుట్టిన పేరు తిరుపతి వెళ్ళి, తెలుగు వేషం వేసుకుని, మన వెంట మళ్ళీ ఆ సీమకే వచ్చింది. ఇక్కడివాళ్ళు అలమేలు అంటారు, మనం అలివేలు అంటాం.

గుంటూరు చుట్టానికి మనం అరవవాళ్ళం. ఇక్కడ పక్కింటివాళ్ళకు మనం వడుగర్, వడక్కు నుంచి వచ్చినవాళ్ళం. ఇద్దరి దగ్గరా సగం సగం లెక్క. మరి మనలాగే రెండు భాషల్లోనూ సొంతిల్లున్న పేరు ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? ఏ ఊరి పేరూ, ఏ ఇంటిపేరూ మన కథను ఇంత సరిగా చెప్పదు. దాన్ని అరవ పేరని అటూ, పాత పేరని ఇటూ తోసేస్తే మనల్ని మనమే తోసేసుకున్నట్టు.

ఇడైసెవల్‌లో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్‌ గురించి మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. మన ఇళ్ళ నుంచి వచ్చిన మనిషి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమానం అందుకున్నాడు. 1976లో వచ్చిన ఆయన గోపల్ల గ్రామం నవలలో మన వలస కథ ఉంది. ఒక ఆడపిల్లను రాజు కంటబడకుండా కాపాడుకోవడానికి కుటుంబాలు రాత్రికి రాత్రి ఊరు వదిలిన కథ. మన తాతలు చెప్పిన కథే. దాన్ని నవలలో చెప్పేది వందేళ్ళు దాటిన ముసలవ్వ. ఆమె పేరు మంగతాయారు. ఆడపిల్ల కోసం పొలాలూ ఇళ్ళూ వదిలి నడిచి వచ్చామని గర్వంగా చెప్పుకుంటాం. అలా నడిచి వచ్చిన అవ్వల పేరు ఒకటి నిలుపుకోవడానికి మాత్రం ఫోనును అడగాలా?

అంకెల సంగతి

ఇప్పుడు ఆ ఏడు గురించి. మేమూ కూర్చుని లెక్క వేశాం. కష్టమేమీ కాదు, ఎవరైనా వేయొచ్చు. ఇంగ్లీషు అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో అంకె ఇస్తారు. అలివేలులో ఏ ఒకటి, ఎల్ మూడు, ఐ ఒకటి, వి ఆరు, ఈ ఐదు, ఎల్ మూడు, యు ఆరు. కూడితే 25. రెండూ ఐదూ కలిపితే 7. మొండి మనిషి, ఒంటరి మనిషి.

అదే పేరును అలమేలు అని రాయండి. ఐ బదులు ఏ, అదీ ఒకటే. వి బదులు ఎం, దానికి నాలుగు. మొత్తం 23, అంటే 5. ఆ పేజీలోనే ఐదుకు ఏం రాశారో చూశాం. చురుకు, మాటకారితనం, నలుగురిలో ఇట్టే కలిసిపోవడం. ఇంకొక ఇంగ్లీషు స్పెల్లింగుంది, చివర యు తీసేసి రెండు ఓలు పెట్టేది. ఓకు ఏడు. మొత్తం 33, అంటే 6. ఇప్పుడు ఆమె ప్రేమమూర్తి, ఇంటికి దీపం.

ఒకే అవ్వ. ఒక్క అక్షరం మారితే ఒంటరిది మాటకారి అయిపోయింది. ఇంతకూ ఆమె ఇంగ్లీషులో సంతకం చేసిన పాపాన పోలేదు, జీవితమంతా వేలిముద్రే. తెలుగులో అయితే ఆ పేరు నాలుగే అక్షరాలు: అ, లి, వే, లు. మన గుణింతానికి ఈ లెక్కలో చోటే లేదు. కీరో అనే ఐర్లాండు ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకాల వల్ల మన దేశంలో ఊరూరా పాకిన లెక్క ఇది. దాన్ని పట్టుకుని మన అవ్వల గుణం తేల్చడం ఏం న్యాయం?

నక్షత్రాక్షరం మాట వేరు. అది మన పంచాంగంలో ఉన్నదే, నమ్మేవాళ్ళు నమ్ముతారు. పాపది రోహిణి. ఓ, వా, వీ, వూ రావాలి, అ రాకూడదు, అ అయితే కృత్తికకు పోతుంది అన్నారు. పెద్దవాళ్ళు దీనికి ఎప్పుడో దారి చూపించారు. సంకల్పంలో చెప్పుకోవడానికి నక్షత్రనామం ఒకటి, నోరారా పిలుచుకోవడానికి ఇంకొకటి. మా ఇంట్లోనే తాతకు నక్షత్రనామం ఒకటి, ఊరు పిలిచే పేరు వేరు. దానివల్ల ఆయనకు వచ్చిన కష్టమేమీ లేదు.

పేరుకు స్వభావం ఉంటుందా

ఉంటుందనే వాదన మేము కొట్టిపారేయం. పేరు వినగానే ఒక మనిషి కళ్ళ ముందుకు వస్తుంది, నిజమే. కానీ ఆ మనిషి ఎక్కడి నుంచి వస్తుంది? మంగమ్మ అనగానే పంతం పట్టే ఆడది అని తోస్తుంది. ఎందుకంటే 1943లో తమిళంలో మంగమ్మ శపథం సినిమా వచ్చింది, 1965లో తెలుగులోనూ అదే పేరుతో వచ్చింది. ఇప్పుడు ఎవరు పట్టు పట్టినా మంగమ్మ శపథమే. 1984లో మంగమ్మగారి మనవడులో భానుమతిని చూశాక ఇంకాస్త గట్టిపడింది. ఇవి మనుషులు కట్టిన కథలు. పుట్టిన బిడ్డ నొసట ముందే రాసి పెట్టినవి కావు.

సినిమాలకు రెండు వందల యాభై ఏళ్ళ ముందు ఇంకొక మంగమ్మ ఉంది. మదురై రాణి మంగమ్మ. కొడుకు చనిపోతే 1689లో పసివాడైన మనవడి తరఫున రాజ్యం చేతికి తీసుకుంది. దాదాపు పదిహేనేళ్ళు ఏలింది. రోడ్లు వేయించింది, చెట్లు నాటించింది, బాటసారులకు సత్రాలు కట్టించింది. ఈ రోజుకీ మదురై రైల్వే స్టేషను ఎదురుగా మంగమ్మాళ్ సత్రం ఉంది. మా వైపు పాత రోడ్డును మంగమ్మాళ్ సాలై అనే పిలిచేవాళ్ళున్నారు. ఈమెను పట్టుకుని మంగ అంటే బాటసారికి నీడ ఇచ్చేది అని ఏ పేజీ అయినా రాసిందా?

మా ఇంటి సంగతి చెప్తాం. మాకు తెలిసినంతలో మా ఇంట్లో ముగ్గురు అలివేలులు. మొదటామె తాతకు అవ్వ. పత్తి తూకంలో మోసం చేసిన వ్యాపారిని తక్కెడతో సహా సంత నడిమధ్య నిలబెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో ఆమె తాతకు మేనత్త. గొంతు పెద్దది చేసి ఎరగదు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తమ్ముళ్ళ పిల్లలందరినీ తన ఒడిలోనే పెంచింది. మూడో ఆమె మా అవ్వ. నవ్వకుండా మాట చెప్పలేదు. బస్సెక్కితే దిగేలోపు పక్కనున్నామె కూతురి పెళ్ళి సంగతి దాకా వెళ్తుంది. ఒక్క పేరు, మూడు స్వభావాలు. నలుగురిలో కలవలేని అలివేలు మాత్రం మాకు ఇంకా దొరకలేదు.

అసలు భయం ఏమిటంటే

మరదలితో కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. అది అంకెల భయం కాదు. ఆ పిల్ల కోయంబత్తూరులో తమిళ బడిలో చదువుకుంది. తన క్లాసులో అలివేలు అనే అమ్మాయి ఉండేదట. తమిళంలో అలి అనే మాటను ట్రాన్స్‌జెండర్ మనుషులను కించపరచడానికి వాడేవాళ్ళు. పిల్లలు ఆ అమ్మాయిని పేరులోని మొదటి రెండక్షరాలతోనే పిలిచేవాళ్ళు. ఆ అమ్మాయి ఎనిమిదో తరగతిలో బడి మారిపోయింది. "నా బిడ్డకు ఆ గతి వద్దు వదినా" అన్నది.

దీనికి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఊళ్ళో పెరిగినవాళ్ళం, మాకు ఆ బాధ తగల్లేదు. పేరు నిలబెట్టండి అని పెద్దవాళ్ళం గట్టిగా అనేస్తాం, బడిలో దాన్ని మోసేది పసిపిల్ల. ఇది ఒప్పుకోకుండా ముందుకు వెళ్ళడం మర్యాద కాదు.

అయినా రెండు మాటలు చెప్తాం. ఒకటి, ఆ వెక్కిరింతలో తప్పున్నది పేరులో కాదు, మనుషులను ఒక మాటతో నేలకు తొక్కే అలవాటులో. తమిళనాడు ఆ అలవాటును కొంతైనా మార్చుకుంది. ఆ మాట పోయి తిరునంగై అనే గౌరవమైన మాట వాడుకలోకి వచ్చింది. 2008లో వాళ్ళ కోసం సంక్షేమ బోర్డు కూడా పెట్టారు. నంగై అంటే స్త్రీ, మన మంగైకి తోబుట్టువులాంటి మాట. రెండోది, ఈ పేరుకు వాకిళ్ళు రెండున్నాయి. బడి రిజిస్టరులో అలమేలు అని రాయండి, ఇంట్లో అలివేలు అని పిలవండి. తమిళంలో అది నిండైన పేరు. ఇద్దరికీ రెండూ నిజమైన పేర్లే, ఏదీ మారుపేరు కాదు. మంగ అన్నా మాకు సమ్మతమే, అదీ ఆమె పేరే కదా.

అలమేలు అంటే అయ్యంగార్ల ఇంటి మామి గుర్తుకొస్తుంది అన్నారు కొందరు. గుర్తుకు రానివ్వండి. నాగలి పట్టినవాళ్ళ ఇళ్ళలో, మగ్గం నేసినవాళ్ళ ఇళ్ళలో కూడా ఉన్న పేరది. తిరుపతి మొక్కున్న ప్రతి ఇంటి పేరు.

పాత పేర్లన్నీ తిరిగి పెట్టమని మేము అనడం లేదు. ఆడపిల్లలు ఇక చాలు అని పోదుంపొణ్ణు అని, వేండాం అని పేర్లు పెట్టిన ఊళ్ళున్నాయి ఈ సీమలో. ఆ పేర్లు పోతే పోనీ, వాటిని మోసినవాళ్ళకు మనం క్షమాపణ బాకీ ఉన్నాం. ఏది నిలుపుకోవాలో, ఏది వదలాలో మన ఇంట్లో కూర్చుని మనం తేల్చుకోవాలి. అలివేలులో ఎవరినీ తక్కువ చేసేది ఏముంది?

అవ్వను ఎవరు పేరు పెట్టి పిలిచారు

ఈ తగువులో పడి ఒక రాత్రి మేము అవ్వను అడిగాం. అవ్వా, నిన్ను పేరు పెట్టి ఎవరెవరు పిలిచేవాళ్ళు అని. ఆమె చాలాసేపు ఆలోచించింది. నాయన పిలిచేవాడు. అన్న పిలిచేవాడు. పదహారేళ్ళకు పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది. తాత జీవితంలో ఒక్కసారి కూడా పేరు పలకలేదు, ఏమే అంటే ఆమే. అత్తకు కోడలు, ఊరికి ఫలానావాళ్ళ కోడలు. మా పెదనాయన పుట్టాక ఆయన అమ్మ. ఆ తర్వాత మాకందరికీ అవ్వ. రేషన్ కార్డులో పేరు తప్పుగా పడింది, దాన్నెవరూ దిద్దించలేదు. బ్యాంకులో టోకెను నంబరుతో పిలుస్తారు.

అరవై ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా గట్టిగా వినబడలేదు. పెళ్ళి పత్రికల్లో పెద్దల వరుసలో తాత పేరు వేశారు, పక్కన ఆమెది లేదు.

మన పెద్దలు మనవరాలికి అవ్వ పేరు ఎందుకు పెట్టేవాళ్ళో అప్పుడు మాకు తెలిసొచ్చింది. పెళ్ళితో నోళ్ళలోంచి జారిపోయిన పేరు మనవరాలి వల్లనే మళ్ళీ ఇంట్లో మోగేది. అత్త పేరు పెట్టుకున్న కూతురిని కోడలు పేరు పెట్టి పిలవలేక అమ్మణ్ణీ అనేది, తిట్టాలంటే వెనకాడేది. మిగతావాళ్ళు మాత్రం వీధి చివరి దాకా వినబడేలా అలివేలూ, అన్నం తిందువు రా అని కేకేసేవాళ్ళు. తిన్నె మీద కూర్చున్న ముసలామె తన పేరు తాను వినేది. ఆమె బతికుండగా ఆమెకు అందే గౌరవం అదొక్కటే. దాన్ని కూడా మా తరంలో ఎగ్గొట్టాం. కవితలమూ ప్రియలమూ అయిన మేమే ఎగ్గొట్టినవాళ్ళ పిల్లలం, కాబట్టి తమ్ముడి మీద మాకు కోపపడే హక్కు సగమే.

మేము అడిగేది

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని కింద, పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్యపు ఫీజు కట్టి 15 ఏళ్ళ దాకా చేర్పించుకోవచ్చు. పాపకు ఐదు నెలలు. చట్టం ఆగుతుంది. అవ్వకు ఎనభై నాలుగు.

తమ్ముడూ, మరదలా, బిడ్డ మీది. పేరు పెట్టే హక్కు మీదే, మేము కాదనం. మీకు నచ్చిన పేరు ముందు పెట్టుకోండి, అలమేలు వెనక ఉండనివ్వండి. కాదంటే అలమేలు ముందు పెట్టి నచ్చిన పేరు వెనక పెట్టండి. బడిలో ఏదో ఒకటి, ఇంట్లో అలివేలు. ఏది చేసినా ఆ పేజీ చెప్పిందని మాత్రం వదలకండి. ఆ పేజీకి అవ్వ తెలియదు.

హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో ఉన్న మనవాళ్ళకూ ఇదే మాట. మీ ఇంట్లో ఆమె అలివేలు కాకపోవచ్చు. తిమ్మక్క కావచ్చు, పైడమ్మ కావచ్చు, నరసమ్మ కావచ్చు. చివర బాయి చేరి ఉండొచ్చు, స్పెల్లింగు కన్నడంలోకో ఒడియాలోకో మారి ఉండొచ్చు. మనలో చాలామందికి తెలుగు చదవడం పోయింది. మాట్లాడడం వంటింటి దాకా వచ్చి ఆగింది. పేర్లు ఇంకా మిగిలాయి. ఆమె ఉన్నప్పుడే వెళ్ళి పక్కన కూర్చుని అడగండి: నీ పేరు ఎవరు పెట్టారు, ఎవరి పేరది, నిన్ను ఎవరు పిలిచేవాళ్ళు? ఆ తర్వాత ఫోను తీయాలనిపిస్తే తీయండి.

మొన్న ఆదివారం మా చిన్నాయన ఉయ్యాల ఊపుతూ, తెలిసి అన్నాడో తెలియక అన్నాడో, "ఏమే అలివేలూ, నిద్ర రాలేదా?" అన్నాడు. పాప చేతులాడించింది. తిన్నె మీది నుంచి అవ్వ "ఆఁ" అని పలికింది.